ఉబ్బిన తలుపు

మా అక్కకూ నాకూ ఒకే రోజు, ఒకే ఆటోలో రెండు అల్మారాలు వచ్చాయి. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు అనుకుంటాను. అప్పుడు మేము రామన్నపేటలో ఒకే ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. ముందు వాటా అక్క వాళ్లది, వెనక వాటా నాది. నేను నల్గొండలో ఒక ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగానికి రోజూ బస్సెక్కి పోయేదాన్ని. మా ఆయన లారీ డ్రైవరు, ఇంట్లో కనిపిస్తే చుట్టం వచ్చినట్టే. అందుకని నా ఇంటి రెండో తాళంచెవి ఎప్పుడూ అక్క దగ్గరే ఉండేది.

అల్మారాలంటే నిలువునా వచ్చినవి కావు. అట్టపెట్టెల్లో పలకలు పలకలుగా వచ్చాయి, మనమే బిగించుకోవాలి. ఫోన్‌లో చూసి ఆర్డరు పెట్టింది నేను. "నీదెట్లనో నాదీ గట్లనే తెప్పియ్యి" అంది అక్క. మా ఆత్రం కొద్దీ రెండు పెట్టెలూ ఒకేసారి విప్పి వాకిలి నిండా పరిచేశాం. కాగితం మీద ఒక్క మాట లేదు, అన్నీ బొమ్మలే. కాసేపటికి ఏ పలక ఎవరిదో కలగాపులగం అయిపోయింది. అమ్మ ఆ రోజు మా దగ్గరే ఉంది. కొత్త సామానుకు బొట్లు పెడదామని పసుపు, కుంకుమ గిన్నెలు పట్టుకొచ్చింది. మా అవస్థ చూసి "ఆగుండ్రి" అని, అక్క పలకలన్నిటికీ కుంకుమ బొట్టు, నా వాటికి పసుపు బొట్టు పెట్టింది. తలుపులకు మాత్రం పైకి కనిపిస్తే బాగుండదని మడతబందులు కూర్చునే గుంటల్లో పెట్టింది. వాటి మీద మేము బందులు బిగించేశాం, ఆ సంగతే మరిచిపోయాం.

ఆ అల్మారా అంటే నాకు ప్రాణం. పుట్టింట్లో నా బట్టలు ఎప్పుడూ అక్క పెట్టెలో ఓ మూలన ఉండేవి. నాదంటూ తలుపులున్న వస్తువు అదే మొదటిది.

రెండు వాటాల్లోనూ ఊడ్చి తుడిచేందుకు ఒకామె వచ్చేది. వయసులో నాకంటే కొంచెం పెద్దది. నేను ఆమెను వదినా అనేదాన్ని, ఆమె నన్ను వదినా అనేది. సీతాఫలాల కాలంలో కొంగులో నాలుగు కాయలు కట్టుకొచ్చి, "పండవెట్టుకో వదినా, రేపటికి మెత్తవడ్తయి" అని నా కిటికీలో పెట్టి పోయేది.

ఒకసారి నేను ట్రైనింగు ఉండి వారం రోజులు మహబూబ్‌నగర్ పోయాను. తిరిగొచ్చి అల్మారా తెరవబోతే కుడి తలుపు రాలేదు. గట్టిగా గుంజితే కిర్రుమని వచ్చింది. కింది మూల ఉబ్బిపోయి, పైన అతికించిన రంగు పొర పగిలి ఉంది. అది చెక్క అనుకున్నాం గానీ, చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. నీళ్లు తాగితే పాలల్లో వేసిన బన్నులా అయిపోతుంది.

నాకు ముక్కు మీద కోపం. ఇల్లు తుడిచేది ఆమె, నీళ్లు ముట్టుకునేది ఆమె. ఇంకెవరిని అడగాలి? పొద్దున రాగానే పట్టుకున్నాను.

"బకెట్లకు బకెట్లు గుమ్మరిస్తున్నవా ఏంది? కండ్లు కనవడ్తలేవా?"

"నేను తడిబట్ట పిండి తుడుస్త వదినా, నీకెర్క లేదా?"

"మరి గిది గట్లెందుకైంది? నీ ఇంట్ల గిసొంటిది ఒక్కటన్న ఉంటే గద దాని ఇలువ తెలిసేది!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అక్క గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తకుండా, "పోనీ తియ్ చెల్లె, పనోళ్లు గంతే" అంది. ఆమె అక్క వైపు చాలాసేపు చూసింది. తర్వాత తడిబట్ట బకెట్ అంచు మీద ఆరేసి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మా రెండు వాటాలకూ రాలేదు.

తలుపు ఒక్కటే మార్పిద్దామని అల్మారా అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. నీళ్లు తగిలిన దానికి పూచీ లేదన్నారు, విడిగా తలుపు దొరకదన్నారు. రెండు నెలలు ఆ తలుపుతో కుస్తీ పట్టి, చివరికి ఊళ్లో వడ్రంగి పని చేసే వడ్లాయనను పిలిచాను. ఉబ్బిన మూల కోసేసి, కట్టెముక్క అతికి, పైన రంగు వేస్తానన్నాడు. కింది బందు స్క్రూలు పట్టు తప్పి ఉంటే దాన్ని ఊడదీశాడు.

"ఏందమ్మా, గీడ కుంకుమున్నది?"

వంగి చూశాను. ఎండిపోయిన ఎర్రటి బొట్టు. అమ్మ నా వాటికి పెట్టింది పసుపు. పై బందు కూడా విప్పమన్నాను. అక్కడా ఎరుపే.

స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే అక్క వాటాలోకి నడిచాను. దాని అల్మారా తలుపులు రెండూ నున్నగా ఉన్నాయి. నా చేతిలోది చూడగానే దాని మొహం మారింది. నేను ఏ బందూ విప్పాల్సిన పని పడలేదు.

"మా అత్త వస్తుండే చెల్లె. నా అల్మారా కాడ బకెట్ నా చేతిలకెళ్లే పడ్డది. ఒక్క సామాను సక్కగ పెట్టుకోరాదని నలుగుట్ల అంటది. నిన్నెవలంటరు? నీ మీద అత్తున్నదా, మామున్నడా?"

"అడిగితే తలుపేంది, మొత్తం అల్మారానే ఇస్తుంటి గదనే!"

"అడుగుతే నీ ముంగట చిన్నగైత గద" అంది.

తలుపు పోయినందుకు కాదు. నన్ను వదిన మీద అరవనిచ్చి, బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది చూడండి, అక్కడ నా కడుపు కాలింది. ఇప్పటికీ కాలుతూనే ఉంది. ఆ రోజే తాళంచెవి తీసేసుకున్నాను. ఇప్పుడు పండుగలకూ పబ్బాలకూ కలుస్తాం, నవ్వుతాం. దాని చేతికి మాత్రం మళ్లీ నా తాళం ఇవ్వలేదు.

ఆ రోజు సాయంత్రమే వదిన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాకిట్లో కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది.

"వదినా, నీ తప్పేం లేదు. మా అక్కనే తలుపులు మార్చింది" అన్నాను.

"ఎర్కే మేడం."

నేను ఇప్పుడు మేడం అయిపోయాను.

"ఎర్కనా? ఎట్ల?"

"తలుపు పట్టుకొని నిలవడ్డది నేనే గద. గా బరువు మీ అక్క ఒక్కతితోని అయితదా? నీకు చెప్పే మారుస్తున్న అన్నది. నువ్వు తిడ్తుంటే ఆమె దిక్కే చూసిన. ఇప్పుడన్న చెప్తది, ఇప్పుడన్న చెప్తది అని."

"మరి నువ్వన్న చెప్పకపోతివి?"

ఆమె సుత్తె పక్కన పెట్టి నన్ను చూసింది.

"చెప్తే నమ్ముతుంటివా?"

నమ్ముతుంటి అనడానికి నోరు తెరిచాను. మా అక్క మీద చాడీలు చెప్తావా అని ఇంకో నాలుగు తిట్టి పంపేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు, నాకంటే బాగా ఆమెకు తెలుసు.

"నమ్మకపోదును" అన్నాను.

"గదే మరి" అని ఆమె మళ్లీ సుత్తె అందుకుంది.