గోడ మీది రాణి రంగు

ఓణీల ఫంక్షన్‌కు ముందు ఫోటోలు ఎక్కడ తీయించాలన్నది అమెరికాలో మా హెర్న్‌డన్ తెలుగువాళ్ళల్లో పెద్ద చర్చ. పూలతోటలున్నాయి, ద్రాక్షతోటలున్నాయి, చెరువు గట్టున తెల్లటి మండపం ఒకటుంది. వారాంతం వస్తే ఆ మండపం దగ్గర పట్టులంగాలు వరస కట్టి నిలబడి ఉంటాయి. మా అమ్మాయి ఇవేవీ వద్దంది. సమాధి కావాలంది.

నిజం సమాధి కాదు లెండి. సూడాన్‌లో నైలు నది ఒడ్డున నూబియా రాజుల పిరమిడ్లున్నాయి. వాటి కింద రాతిని తొలిచి గదులు చేసి, రాజులనూ రాణులనూ అందులో పడుకోబెట్టి, గోడల నిండా బొమ్మలు వేశారు. అలాంటి ఒక రాణిగారి గదిని ఉన్నది ఉన్నట్టుగా, మాకు గంటన్నర దూరంలోని మ్యూజియంలో కట్టారు. పిల్ల స్కూల్‌వాళ్ళతో వెళ్ళి చూసొచ్చింది. ఆ రోజు నుంచి ఒకటే గొడవ.

"అమ్మా, షి ఈజ్ మై కలర్. ఎగ్జాక్ట్‌గా నా కలర్!"

మా అమ్మాయి నలుపు. ఇంట్లోవాళ్ళు చామనచాయ అని సర్దిచెప్పుకుంటారు గానీ, నలుపే, నాలాగే. రంగు కాస్త తక్కువైనా కళగల ముఖం అంటారు చూసినవాళ్ళు. అని, మెచ్చుకున్నామనుకుని తృప్తి పడతారు. పాట్‌లక్ భోజనానికి వచ్చినావిడ సున్నిపిండి పొట్లం చేతిలో పెట్టి వెళుతుంది. ఇంకొకావిడ స్విమ్మింగ్ మాన్పించమంటుంది, ఎండకు ఇంకా కమిలిపోతుందట. ఇవన్నీ పిల్ల ముందే అంటారు, అమెరికాలో పుట్టింది కదా, తెలుగు రాదన్న ధీమాతో. దానికి మాట్లాడడమే తడబాటు. అర్థం కానిది ఒక్క ముక్క లేదు. ఫోటో అనగానే అది ముఖం పక్కకు తిప్పుకోవడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఈ పెద్దమనుషులెవరికీ తెలియదు. అలాంటి పిల్ల తనంతట తానే ఫోటో కావాలంటే, సమాధేమిటి, శ్మశానానికైనా తీసుకెళ్ళేదాన్ని.

కాకినాడ నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అత్తగారు మాత్రం ససేమిరా అన్నారు.

"శుభమా అని ఓణీ వేస్తూ, శవాలగదిలో ఫోటోలేవిటమ్మాయ్? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"అది మ్యూజియంవాళ్ళు కట్టిన గది అత్తయ్యా. అందులో ఎవరూ లేరు."

"లేకపోతే మాత్రం! ఇంటికి రాగానే అందరూ తలస్నానం చెయ్యాల్సిందే," అన్నారు. అంటూనే అందరికంటే ముందు కార్‌లో కూర్చున్నారు.

ఆ గదికి ఇరుకు మెట్ల మీదుగా దిగాలి. దిగే ముందు అత్తగారు బూట్లు విప్పి ఓ పక్కన పెట్టారు. లోపల పైకప్పంతా నీలం, దాని నిండా పసుపు నక్షత్రాలు. గోడ మీద తెల్లబట్టల్లో రాణిగారు, ఆమె చుట్టూ దేవుళ్ళు. అసలు గదిలో బంగారమంతా ఎప్పుడో దొంగలు ఊడ్చుకుపోయారనీ, బొమ్మలు మాత్రం మిగిలాయనీ పక్కన రాసి ఉంది.

అత్తగారు రాణిగారిని చాలాసేపు చూశారు.

"ఉన్న రంగే వేశారు," అన్నారు చివరికి. "ఎంత దర్జాగా ఉందో చూడు. రావే, పక్కన నిలబడు."

పిల్ల పట్టులంగా సర్దుకుని నిలబడింది. గడ్డం పైకెత్తి, కెమెరాకేసి సూటిగా చూసింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫోటోగ్రాఫర్ మా వైపు తెలుగువాళ్ళ ఫంక్షన్లన్నీ చేసేవాడే. "లైట్ తక్కువుంది మేడమ్, ఎడిటింగ్‌లో చూసుకుంటా," అన్నాడు. లైటు పెంచుకోమన్నాను. ముఖం రంగు జోలికి మాత్రం వెళ్ళొద్దని తెలుగులో ఒకసారి, ఇంగ్లీష్‌లో ఒకసారి చెప్పాను. తల ఊపాడు.

ఫంక్షన్ రోజు హాల్ గుమ్మం దగ్గర నిలువెత్తు ఫోటో పెట్టడం మా ఆనవాయితీ. దాన్ని అతనే ప్రింట్ చేయించి, మేం వెళ్ళేసరికి నిలబెట్టేశాడు. పిల్ల పరుగున ముందు వెళ్ళి, ఠక్కున ఆగిపోయింది.

ఫోటోలో మా అమ్మాయి లేదు. దాని లంగా ఉంది, దాని నగలున్నాయి, మధ్యలో పాలమీగడ రంగు ముఖం ఎవరిదో ఉంది. పక్కన గోడ మీద రాణిగారు కూడా గోధుమరంగుకు తిరిగారు.

ఫోటోగ్రాఫర్‌ను అక్కడికక్కడే పట్టుకుని అడిగాను.

"అందరూ అలాగే అడుగుతారు మేడమ్. పైకి వద్దంటారు, ఇవ్వకపోతే ఫీలవుతారు," అన్నాడు.

"రాణిగారు అడిగారా?"

"పాప ఒక్కతే బ్రైట్ అయితే బ్యాక్‌గ్రౌండ్ డల్‌గా కనిపిస్తోంది మేడమ్. అందుకని మొత్తం మ్యాచ్ చేశా." ఇంత కష్టపడితే మెచ్చుకోరేం అన్నట్టు చూశాడు.

బంగారం కోసం సమాధిలో దూరిన దొంగలు కూడా ఆవిడ ఒంటి రంగును ముట్టుకోలేదు. మనవాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క పూటలో తుడిచేశాడు.

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఫోటోనే చూస్తూ మెల్లగా అడిగింది.

"నన్ను చేశారు, ఓకే అమ్మా, ఐ యామ్ యూజ్డ్ టు ఇట్. ఆవిడని ఎందుకు చేశారు?"

అత్తగారు నాకేసి చూశారు. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఆ ఫోటోను గోడకేసి తిప్పేశాం. అతిథులు రావడం మొదలైంది. పిల్ల గుమ్మం పక్కన నిలబడి అందరికీ నమస్కారం పెడుతోంది. సున్నిపిండి ఇచ్చినావిడ గోడకూ ఫోటోకూ మధ్యలోకి తొంగి చూసొచ్చింది.

"అయ్యో, ఎందుకు తిప్పేశారండీ? ఎంత బాగుంది పిల్ల!"

"పిల్ల ఇక్కడుందండీ," అన్నాను. "దాన్ని చూడండి."