తగిలింది బాబాయ్

మన కబడ్డీ కోచ్ బాబాయ్ మొన్న బేస్తవారం పొద్దున నరసరావుపేట ఆసుపత్రిలో పోయాడు. మన టీము వాట్సాప్ గ్రూపులో అందరూ దండాలు, ఏడుపు బొమ్మలు పెట్టారు. నేనేం పెట్టలా. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు లేవదని మీకు తెలుసు. ఏడో తరగతిలో బడి మానేసినోడిని, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఒకటి చెప్పాల. చానా రోజుల నుంచీ లోపల ఉంది.

పొద్దున పోయాడా, మధ్యాహ్నానికల్లా సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. పెద్దోళ్ళ మొహాలు చాటంత, బాబాయ్ మొహం రూపాయి బిళ్ళంత. గ్రౌండుకి ఒక్క ట్రాక్టర్ ఎర్రమట్టి తోలించండయ్యా అని ఆయన రెండేళ్ళు తిరిగినా తోలించనోళ్ళే, మైకు పట్టుకుని మన ఊరి మాణిక్యం అన్నారు. పిన్ని గడప కాడ కూర్చుని వింటానే ఉంది.

బాబాయ్ పగలంతా నాపరాయి క్వారీలో కోత మెషిన్ కాడ పని చేసేవాడు. సాయంత్రం ఇంటికి కూడా పోకుండా ఒళ్ళంతా బూడిద రంగు దుమ్ముతో గ్రౌండుకే వచ్చేవాడు. కనుబొమ్మలు కూడా దుమ్మే. రాగానే ఆట లేదు. ముందు ఒక్కోడు ఇరవై రాళ్ళు ఏరి ఆయనకి చూపించాల. చూపించినోడే కోర్టులోకి రావాల. మన నేలలో రాళ్ళు మొలుస్తాయి గదా, ఇయ్యాల ఏరితే రేప్పొద్దున మళ్ళీ ఉంటాయి.

మనం రాళ్ళు ఏరతా ఉంటే ఆయన గీతలు పోసేవాడు. పాత నూనె డబ్బాకి మేకుతో బొక్కలు కొట్టి, దాంట్లో సున్నం పోసుకుని, నడుం వంచి, కుడి మూల కాడ మొదలుపెట్టి చుట్టూ తిరిగొచ్చి ఎడం మూల కాడ ఆపేవాడు. ఇంకొకణ్ణి ముట్టుకోనిచ్చేవాడు కాదు. గీత వంకర పోతే ఆట వంకర పోద్దిరా అనేవాడు.

ఆ ఎడం మూల నాది. నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలా. "ఏరా మూలా" అనేవాడు. మా ఇంట్లో కూడా నన్ను అంత ముద్దుగా పిలిచినోళ్ళు లేరు.

ఆయన రూలు ఒకటే. కూతకొచ్చినోడి చెయ్యో కాలో నీకు తగిలితే చెయ్యెత్తి బయటికి పో. "ఎంపైర్ చూశాడా లేదా నీకెందుకురా. నీ చర్మానికి తెలుసుగా" అనేవాడు.

ఆయన వయసులో ఉన్నప్పుడు ఆట ఎట్టా ఉండేదో పెద్దోళ్ళు చెప్తారు. కాలు పట్టుకుంటే ఉడుంపట్టేనంట. గుంటూరులో సెలక్షన్ మ్యాచ్ ఆడారు. ఆఖరి కూత. కూతకొచ్చినోడి వేలు ఈయన మోకాలికి ఇట్టా గీసుకుని పోయింది. ఎవరూ చూడలా. ఈయన చెయ్యెత్తాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. కూతకొచ్చినోడు సెలెక్టయ్యి, తర్వాత రైల్వేలో ఉజ్జోగం తెచ్చుకున్నాడు. ఈయన క్వారీకి పోయాడు.

అప్పట్నుంచీ ఊళ్ళో ఎగతాళే. టీ కొట్టు కాడ ఎవడన్నా చెయ్యెత్తి టీ చెప్తే, ఒరేయ్ దించు దించు, ఉజ్జోగం పోద్ది అని నవ్వేవోళ్ళు. బాబాయ్ కూడా వాళ్ళతో పాటే నవ్వేవాడు. పిన్ని మాత్రం నవ్వేది కాదు.

ఇప్పుడు నా సంగతి.

పోయినేడు తిరునాళ్ళలో ఈపూరు టీముతో ఫైనల్ మీ అందరికీ గుర్తుంది. మనం ఒక్క పాయింట్ ముందున్నాం. సమానమైతే మొదటి పాయింట్ తెచ్చినోళ్ళదే కప్పని రూలు, అది వాళ్ళు తెచ్చారు. వాళ్ళది ఆఖరి కూత. ఆ పిల్లోడు నా మూలకే వచ్చాడు. కాలు చాపాడు, నేను వెనక్కి దూకా. వాడు గీత దాటి పోయి, తగిలింది సార్, అమ్మ తోడు తగిలింది అని ఎంపైర్ మీద పడ్డాడు. ఎంపైర్ నా వంక చూశాడు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నా. విజిల్ పడింది. మీరందరూ నన్ను భుజాల మీదకి ఎత్తారు.

కప్పుతో ట్రాక్టర్ మీద ఊరేగింపుగా వచ్చాం గదా, అందులో బాబాయ్ లేడు. ఎవరన్నా చూశారా? ఆయన బస్సెక్కి వచ్చాడు.

మర్నాడు సాయంత్రం అందరూ పోయాక నన్ను ఆపాడు.

"తగిలిందా?"

"లేదు బాబాయ్."

"సరే" అన్నాడు.

అంతే. తిట్టలా, కొట్టలా, టీములోంచి తియ్యలా. కానీ ఆ రోజు నుంచి నన్ను "బాబూ" అని పిలవటం మొదలుపెట్టాడు. బాబూ ఇటు జరుగు. బాబూ నీళ్ళు తాగు. చూశావా, కప్పు తెచ్చావని మర్యాద ఇస్తన్నాడు అని మీరన్నారు. మూలా అని ఎప్పుడు పిలుస్తాడా అని నేను ఏడాది ఎదురు చూశా.

ఆ ఏడాదిలోనే దగ్గు ఎక్కువైంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టిందన్నారు. పనికి పోవటం ఆపేశాడు గానీ గ్రౌండుకి రావటం ఆపలా. నాలుగు అడుగులు గీత పోసి కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు. పోయిన సోమవారం కూడా అట్టా పోస్తానే డబ్బా జారి పడిపోయాడు. మనమే ఆటోలో ఎక్కించాం.

బుధవారం నేనొక్కణ్ణే ఆసుపత్రికి పోయా. చెబ్దామనే పోయా. మూతికి ఆక్సిజన్ పెట్టారు. నన్ను చూసి దాన్ని పక్కకి లాక్కుని "బాబూ, అన్నం తిన్నావా" అన్నాడు. తిన్నా అన్నా. చానాసేపు నా మొహం వంకే చూశాడు. నేను కిటికీ వంక చూశా. నర్సు వచ్చి పొమ్మంది. వచ్చేశా.

శవం ఇంటికొచ్చాక ఆయన తల కాడ ఆ కప్పు పెట్టారు. బతికుండగా ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోని కప్పు. శవానికి కడతారు గదా, రెండు చేతుల బొటనవేళ్ళూ కలిపి తెల్లగుడ్డతో కట్టేశారు. ఇంక ఎత్తటానికి లేకుండా.

కెప్టెన్ అన్న చెవిలో చెప్పా, అన్నా ఆ రోజు నాకు తగిలింది అని. "ఒరేయ్, నోరు మూసుకో. ఇప్పుడు చెప్తే పోయేది ఆయన పరువే" అన్నాడు. మూసుకున్నా. అన్నా, ఇప్పుడు ఇట్టా రాసినందుకు ఏమనుకోమాక.

ఆ రైల్వే ఆయన కూడా వచ్చాడు. తల నెరిసింది. దండ వేసి నా పక్కనే నిలబడ్డాడు. టీమా అని అడిగితే తలూపా. ఆయనే అన్నాడు, "ఆ రోజు నా వేలు తగిలిందని నాకే తెలీదురా. మీ కోచ్ చెయ్యెత్తితేనే తెలిసింది."

ఎత్తినాయన దుమ్ము మింగి పోయాడు. ఎత్తని నన్ను భుజాల మీద మోశారు. ఇందులో న్యాయం ఏందో మైకు పెద్దోళ్ళకి తెలిస్తే చెప్పమనండి.

తగిలింది. కుడి పిక్కకి, వాడి బొటనవేలు. గోరు గీసుకున్న చార రెండు రోజులుంది. ఆ కప్పు మనది కాదు. ఆదివారం దాన్ని ఈపూరు తీసుకుపోయి ఆ పిల్లోడికి ఇస్తా. వచ్చేవోళ్ళు రండి. రాకపోతే నేనొక్కణ్ణే బస్సెక్కుతా.

ఇయ్యాల పొద్దున గ్రౌండుకి పోయా. ఎవరూ లేరు. ఇరవై రాళ్ళు ఏరా, చూపించటానికి మనిషి లేడు. సోమవారం ఆయన పోసిన సున్నం ఇంకా తెల్లగానే ఉంది. కుడి మూల నుంచి చుట్టూ తిరిగొచ్చింది. ఎడం మూల ఇంకో రెండడుగులు ఉందనగా ఆగిపోయింది. డబ్బా అక్కడే బోర్లా పడి ఉంది.