తాతారావు మాస్టారి తప్పుల పుస్తకం

నిన్న సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కొత్త స్టూడియో లైను వింటున్నాను. పాట లేదు, మాట లేదు, అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఎక్కడో సన్నగా ‘టిక్’ మంది. పక్కనున్న వాళ్లెవరికీ వినబడలేదు. నా చేయి మాత్రం దానంతటదే కాగితం కోసం, పెన్ను కోసం బల్ల మీద తడుముకుంది. ఆ చప్పుడు వినడం నాకు నేర్పినాయన తాతారావు గారు. నేను మాస్టారూ అనేదాన్ని. ఆయన బళ్లో పాఠాలు చెప్పిన మనిషేం కాదు, మా వైపు పెద్దమనిషి ఎవరినైనా అలాగే పిలుస్తాం.

చేతి ఫోన్లలో ఇంటర్నెట్ చవకైన కొత్త రోజులవి. కోటబొమ్మాళి దగ్గర మాది వరి పండించే కుటుంబం. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, నెట్‌వర్క్ మీద ధ్వనిని పంపే పరికరాల పని హైదరాబాదులో మూడు నెలలు నేర్చుకుని వచ్చాను. అప్పట్లో శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఒక మేడ మీద చిన్న రేడియో స్టేషన్ ఉండేది. రైతులూ మత్స్యకారులూ కలిసి పెట్టుకున్న ట్రస్టు దాన్ని నడిపేది. రోజూ సాయంత్రం ఐదున్నరకు సముద్రం కబురు చెప్పేవాళ్లం. గాలి ఎటు వీస్తోంది, అలల ఎత్తెంత, రేపు పడవలు దించవచ్చా కూడదా అన్నది. ఒడ్డున వలలు సర్దుకుంటూ జనం దానికోసం చెవులప్పగించి కూర్చునేవారు. మైకుల గొంతులన్నీ కలిపే పాత మిక్సరు మూలగడం మొదలుపెట్టాక, కొత్త డిజిటల్ పరికరాలు బిగించడానికి నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు.

మాస్టారు అక్కడ మొదటినుంచీ టెక్నీషియను. నౌపడ అవతల సముద్రపొడ్డు పల్లె ఆయనది. తండ్రి వల లాగినవాడు. ఈయన జాతర్లకు మైకు సెట్లు కట్టి, రేడియోలు విప్పి బిగించి పని నేర్చుకున్నారు. లావుపాటి తీగల కట్ట తీసేసి, దాని స్థానంలో నేను తెచ్చిన ఒక్క సన్నని కేబుల్ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

“ఇన్ని మైకులూ ఈ దారప్పోగులోంచే ఎల్తాయేటి పాపా?”

“ఎల్తాయి మాస్టారూ. గొంతుని అంకెలు చేసి, పొట్లాలు కట్టి పంపుతాది. ఏ పెట్టె చిరునామా దానికుంటాది.”

“అయితే నాకూ నేర్పు,” అని స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. అర్థం కానిచోట ఏమాత్రం మొహమాటం లేకుండా “మళ్లీ సెప్పు” అనేవారు. తండ్రి వయసు మనిషి నన్ను అలా అడుగుతుంటే నాకు కళ్లు నెత్తికెక్కాయి. అది హనుమంతుడి ముందు కుప్పిగంతులని అప్పుడు తెలియలేదు.

మూడు రోజుల్లో నాలుగు పెట్టెలు బిగించాను. మిక్సరు, రెండు మైకుల పెట్టెలు, ట్రాన్స్‌మీటరుకు వెళ్లేది ఒకటి. పాట పెట్టి చూస్తే గంట కొట్టినట్టు పలికింది. అంతా సిద్ధమని ట్రస్టు కార్యదర్శి గారికి ఫోన్ చేసి చెప్పేశాను. మాస్టారు మాత్రం తల అడ్డంగా ఊపారు.

“పాటాపీయి. పాటెట్టినాక తప్పు కనబడద్దేటి? ఏటీ నేకుండా ఇను. పది నిమిషాలు.”

నాకు నవ్వొచ్చింది. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ, ఉండుండి కాగితం మీద ఒక గీత గీస్తున్నారు. పది నిమిషాలయ్యాక కాగితం నా ముందుకు తోశారు. నలభై సెకన్లకొక ‘టిక్’, దానికొక గీత, కొలిచినట్టు.

సరిగ్గా అప్పుడే కార్యదర్శి గారు మేడెక్కి వచ్చారు. ఆయనా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు. మొహం మారిపోయింది.

“సూడమ్మా, గాలి ఏగం సెప్పినప్పుడు ఆ అంకె మీద ఇది పడితే ఒడ్డునున్నోళ్లకి ఏటి ఇనబడతాది? ఐదున్నరకి కబురు సుబ్బరంగా ఎల్లాల. ఎల్లకపోతే రేపు పాత పెట్టే ఎక్కించీండి. కొత్తదాన్ని, నిన్నూ ఏటి సెయ్యాలో ఆనక సూద్దుము.”

అప్పటికి నాలుగు దాటింది. కేబుళ్లు పీకి పెట్టాను, చిరునామాలన్నీ మళ్లీ చూశాను. చప్పుడు పోలేదు. మాస్టారు గీతల కాగితం వదల్లేదు.

“కేబులు తప్పయితే ఇలాగ లెక్కగా రాదు పాపా. ఎవుడో అడుగు తప్పేత్తన్నాడు. ఈటికి తాళం ఎవుడు ఏత్తన్నాడు?”

ప్రతి పెట్టెలోనూ ఒక గడియారం ఉంటుందనీ, సెకనుకు వేలసార్లు ధ్వనిని ఆ లెక్కన కొలుస్తుందనీ చెప్పాను. ఒకటి పాడైనా మిగతావి ఆగిపోకూడదని ఎవరి గడియారం వాళ్లదే ఉండేలా అమర్చానని కూడా చెప్పాను. ఎవరి మడికి వాళ్లు నీరు కట్టుకుంటే తగువుండదని మా నాన్న అనేవారు. నా బుర్రలో ఉన్నది అదే.

“మీది పొలం. ఇది వల,” అన్నారాయన. “ఒడ్డు మీద పెద్దవల లాగినప్పుడు రెండు తాళ్లుంటాయి. ఈ తాడు కాడ ఇరవైమంది, ఆ తాడు కాడ ఇరవైమంది. పాట మాత్రం ఒక్కడే సెప్పాల. ఇద్దరు సెప్పినారనుకో, ఈళ్లొక అడుగు ముందు, ఆళ్లొక అడుగు ఎనక. వల వంకరపోద్ది. ఆ సందులోంచి సేప జారిపోద్ది.”

మిక్సరు గడియారాన్ని ఒక్కదాన్నే ఉంచి, మిగతా మూడింటినీ దాని వెనక నడిచేలా మార్చాను. ఐదూ పదయింది. “విందామా” అనబోయేలోపే ఆయన హెడ్‌ఫోన్స్ నా తలకు పెట్టేశారు. పది నిమిషాలు ఊపిరి కూడా మెల్లగా తీశాను. ఒక్క చప్పుడు లేదు. ఐదున్నరకు కబురు కడిగిన గ్లాసులా వెళ్లింది. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

కార్యదర్శి గారు ఫోన్ చేసి “ఏటైనాదమ్మా?” అని అడిగారు. “ఏం లేదండీ, మెషీను కాస్త మొరాయించింది,” అన్నాను. మాస్టారు విన్నారు. బీరువాలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి నా ముందు పెట్టారు. మైకు సెట్ల రోజులనుంచీ రాసుకున్నది. ‘జాతరలో తడిచేత్తో ప్లగ్గు పెట్టినాను. ఆంప్లిఫయరు కాలింది. తాతారావు.’ పేజీ తిప్పితే ఇంకో తప్పు, కింద మళ్లీ తాతారావు. పుస్తకమంతా అదే పేరు.

“రాసీ పాపా. రేపు ఇంకెవుడైనా ఇదే తప్పు సేత్తే ఈ పేజీ సూసుకుంటాడు. పేరు కూడా ఎట్టు. పేరు నేని తప్పుని ఎవుడూ నమ్మడు.”

చెవులు కాలిపోతుండగా తప్పూ, కింద నా పేరూ రాశాను. మర్నాడు కార్యదర్శి గారి దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. ఆయన “పాత పెట్టెని సామాన్ల గదిలో పడీండి,” అన్నారు.

మాస్టారు ఇప్పుడు లేరు. పని మానేసిన రోజున ఆ పుస్తకం నా చేతికిచ్చి వెళ్లారు. ఇవాళ విజయనగరంలో అంతకంటే పెద్ద స్టేషనులో పరికరాలన్నీ నా పూచీ. ఏది కొత్తగా బిగించినా పది నిమిషాలు ఏమీ లేకుండా వినందే గాలిలోకి వదలను. నిన్నటి టిక్ కూడా గీతలు గీసి లెక్కపెట్టాను. సమానంగా వచ్చాయి. కొత్తగా తెచ్చిన పెట్టె గడియారం మార్చడం మర్చిపోయింది నేనే.

సరిచేశాక ఎర్ర పుస్తకం తీశాను. గోడకు నా సర్టిఫికెట్లు నాలుగైదు వేలాడుతున్నాయి. వాటికేసి ఎవరైనా చూసినా చూడకపోయినా నాకు పట్టదు. తాతారావు, తాతారావు అని పేజీల కొద్దీ సాగిన ఆ వరస కింద, నిన్న మరోసారి నా పేరు రాసుకున్నాను.