ఫ్లోరైడ్ బావుల ఊరు

2001 ఫిబ్రవరిలో మా కన్సల్టెన్సీ నన్ను గుంటూరు ఆఫీసు నుంచి దర్శికి పడమట ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీకి డిజైన్ ఇంజనీరుగా పంపింది. ఆ ఊరి తాగునీరంతా పత్తి చేల మధ్య వేసిన మున్సిపల్ బోరుబావుల నుంచే వచ్చేది. ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. దాన్ని తీసివేసే శుద్ధి కేంద్రానికి డిజైన్ చేయడం, చిన్న నమూనా ప్లాంటు నడిపి చూపించడం, కౌన్సిల్ ఒప్పుకున్నాక అంచనాలు సమర్పించడం మా కాంట్రాక్టు. టీమ్ లీడర్ సాంబశివరావుగారు ప్రభుత్వంలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కింద నేను, ఒక కెమిస్టు.

వెళ్లిన రోజే బోరు దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగాను. ఒకసారి తాగితే ఏమీ కాదు. చల్లగా, తేటగా, ఎంతో రుచిగా ఉన్నాయి. పైనంతా నల్లరేగడి, కింద గ్రానైట్ రాయి. వాననీరు ఆ రాతి పగుళ్లలోకి దిగి, ఎన్నేళ్లు నిలవ ఉంటుందో గానీ, రాతిలోని ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. అది కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల పళ్లకు గారపడుతుంది, ఆ పైన ఎముకలు బిగుసుకుపోతాయి. ఒకే చేను గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు బోర్లలో ఒకదాని నీరు తాగదగ్గ పరిమితికి దగ్గరగా ఉంటే, రెండోదానిలో అంతకు ఎన్నో రెట్లు ఫ్లోరైడ్ తేలింది. పుస్తకాల్లో చదివిన విషయమే. అయినా ఆ గట్టు మీద నిలబడి కాళ్లకింద ఏముందో ఊహించుకుంటూ రెండు బోర్లనూ మార్చి మార్చి చూశాను.

మున్సిపల్ చైర్‌పర్సన్ అనసూయమ్మగారు పత్తి రైతు కుటుంబం మనిషి. యాభై దాటి ఉంటాయి. పక్కనున్న వాళ్లతో మాట్లాడాలంటే ఆమె మెడ తిప్పేవారు కాదు. ఒళ్లంతా అటు తిరిగేది. మేము నీటి నమూనాలు తీస్తుంటే ఒకరోజు వచ్చి చూశారు. కెమిస్టు ఎర్రటి పరీక్ష ద్రావణాన్ని బోరు నీటిలో కలిపాడు. ఫ్లోరైడ్ ఉంటే ఆ ఎరుపు విరిగి పసుపులోకి దిగుతుంది. పరీక్ష గొట్టంలోని నీరు చూస్తుండగానే నిమ్మపండు రంగుకు వచ్చింది. ఆ నీరు ఏం చేస్తుందో సాంబశివరావుగారు వివరించారు.

"మా నాన్న ఇట్టాగే నడిచేవాడు. మా మేనత్త కూడా అంతే. మా వంశంలోనే ఉందనుకున్నామండీ" అన్నారు అనసూయమ్మగారు. తరవాత తన పుట్టింటి బోరు నీళ్లు కూడా తెప్పించి పరీక్ష చేయించుకున్నారు. అవీ పసుపే.

మేము ఎంచుకున్న పద్ధతిలో నీటిని యాక్టివేటెడ్ అల్యూమినా అనే తెల్లటి గుళికల పొర గుండా పంపుతారు. చూడటానికి బరక రవ్వలా ఉంటుంది. ఫ్లోరైడ్ ఆ గుళికలకు పట్టుకుని ఆగిపోతుంది. గుళికలు నిండిపోయాక కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ వాడుకోవచ్చు. అయితే ఆ ఊరి నీటికి క్షారగుణం ఎక్కువ. అలాంటి నీటిలో గుళికలు సరిగా పనిచేయవు. అందుకని ముందు కొద్దిగా ఆమ్లం కలిపి, శుద్ధి అయ్యాక దాని ప్రభావం పోయేలా సరిచేసి వదలాలి.

ఆ ఆమ్లం జాడీలు లారీలో వచ్చి ఆఫీసు ఆవరణలో దిగడంతో చిక్కు మొదలైంది. సాయంత్రానికల్లా మున్సిపాలిటీ నీళ్లలో యాసిడ్ పోస్తోందని ఊరంతా పాకింది. ఆ వారంలోనే కౌన్సిల్ ప్రత్యేక సమావేశం పెట్టారు. మా కాంట్రాక్టు రద్దు చేయాలన్న తీర్మానానికి మెజారిటీ ఉందని మున్సిపల్ కమిషనర్ ముందే చెప్పారు. రద్దయితే మరో పథకం వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరికీ తెలియదు.

సాంబశివరావుగారు శుద్ధి విధానమంతా ఓపికగా వివరించారు. ఎవరి మొహంలోనూ నమ్మకం కనిపించలేదు. మిర్చి కమీషన్ వ్యాపారి కోటయ్యగారు, అరవై దాటిన కౌన్సిలర్, లేచారు.

"బంగారం లాంటి నీళ్లు. అందులో యాసిడ్ పోసి మా పిల్లకాయల చేత తాగిస్తామంటే ఎట్టాగండీ ఊరుకునేది?"

నేను రెండు గొట్టాల్లో పరీక్ష చేసి చూపించాను. బోరు నీరు పసుపు, ఆవరణలో మేము శుద్ధి చేసి తెచ్చిన నీరు గులాబి. రంగులు ఎవరైనా మార్చగలరని వెనక నుంచి ఒకరన్నారు.

అప్పుడు అనసూయమ్మగారు శుద్ధి చేసిన నీరు ఒక గ్లాసులో పోయమన్నారు. తాగడానికి ఆమె తల వెనక్కి వంచలేదు. వంగదు. కుర్చీలోంచి లేచి, బల్ల అంచు పట్టుకుని, నడుము దగ్గర నుంచి ఒళ్లంతా వెనక్కి వాల్చి తాగారు. రోజూ ఆమెను చూసేవాళ్లే అందరూ. ఆమె అలా తాగుతారని గమనించినట్టు లేరు.

"కోటయ్య బాబాయ్, ఒకసారి ఆ ఫ్యాను చూడు" అన్నారామె, గ్లాసు కింద పెట్టి.

ఆయన నవ్వబోయి, పైకి చూడబోయారు. కళ్లు లేచాయి గానీ గడ్డం లేవలేదు. ఒళ్లు వెనక్కి వాల్చితే కుర్చీ కిర్రుమంది. పక్కనున్న కౌన్సిలర్లు ఒక్కొక్కరే తలెత్తి చూసుకోసాగారు. కొందరి చూపు ఫ్యాను దాకా వెళ్లింది. కొందరిది గోడ మీదే ఆగిపోయింది. అంతమంది పెద్దవాళ్లు తమ మెడల్ని తాము పరీక్షించుకుంటుంటే, నా చేతిలో గొట్టాలు అలాగే ఉండిపోయాయి. కొన్ని వారాలుగా నేను మిల్లీగ్రాముల్లో రాసుకుంటున్నది ఆ హాల్లో మనుషులై కూర్చుని ఉంది.

కోటయ్యగారు మెల్లగా అన్నారు. "పైకి చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలవదమ్మాయ్."

"నా మెడ ఇక తిరగదు బాబాయ్. నీదీ అంతే. ఇంకా పళ్లు రాని పిల్లలున్నారుగా" అన్నారామె.

తీర్మానం ఓటింగుకు రాలేదు. దాని బదులు కోటయ్యగారే రెండు షరతులు ప్రతిపాదించారు. నమూనా ప్లాంటు ఆవరణ లోపల కాకుండా బజారులో, ఆమ్లం కలపడం దగ్గర నుంచి అందరికీ కనబడేలా నడపాలి. గుళికలు కడిగిన నీరు వాగులోకి వదలకూడదు. రెండోది మా డిజైన్‌లో ఉన్నదే. ఆ నీటిని అడుగున ప్లాస్టిక్ పొర పరిచిన గుంటలో ఎండబెట్టాలని రాశాం. మొదటిదానికి సాంబశివరావుగారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

వేసవంతా బజారులో ప్లాంటు నడిచింది. యార్డుకు మిర్చి బస్తాలతో వచ్చిన రైతులు బండ్లు ఆపి, ఇంటి నుంచి తెచ్చిన నీళ్ల సీసాలు మా ముందు పెట్టేవారు. పసుపు రంగు చూసి, సీసా తీసుకుని వెళ్లిన వాళ్లే ఎక్కువ. నీళ్లు చప్పగా ఉన్నాయన్నవాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడాది చివరికి అసలు కేంద్రం కట్టడం పూర్తయింది. ప్రారంభం రోజున అనసూయమ్మగారే వచ్చారు. వాల్వు తిప్పి, నీరు పడటం చూసి, ఇంటికి వెళ్లిపోయారు.

ఆ తరవాత రిటైరయ్యే వరకు ఎన్నో ఊళ్లకు నీటి శుద్ధి డిజైన్లు చేశాను. ప్రతిచోటా మొదటి వారం నీటి నమూనాలు తీయడంతో పాటు ఊళ్లోకి వెళ్లి పళ్లు, నడక, మెడలు చూడటం పనిలో భాగంగా పెట్టుకున్నాను. ఏ రసాయనమైనా లారీ దిగకముందే అదేమిటో, ఎందుకో, నీటిలో ఎంత మిగులుతుందో బజారులో నిలబడి చెప్పించాను. కాంట్రాక్టుల్లో ఈ రెండు పనులకూ పద్దు ఉండదు. అవి చేయకుండా ఇచ్చిన డిజైన్ ఎంత సరైనదైనా ఊరు ఆ నీళ్లు తాగదు.