అమ్మ పట్టుచీర, నాన్న రాణివేషం

రోజూ సాయంత్రం టీవీలో ఒక సీరియల్ వస్తోంది. ఆటిజం ఉన్న పిల్లాణ్ణి పెంచుకునే కుటుంబం కథ. మంచి కథే, కాదనను. కానీ అందులో తల్లి ఉందే, ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాలు కాస్తూ ఏడుస్తుంది, పిల్లాడికి చొక్కా తొడుగుతూ ఏడుస్తుంది, కిటికీ దగ్గర నిలబడి ఊరికే ఏడుస్తుంది. వెనకనుంచి వయొలిన్ ఒకటి. ఇక ఆ పిల్లాడికా, నోటికి రాని లెక్క లేదు. ఎంత పెద్ద గుణకారమైనా ఇట్టే చెప్పేస్తాడు. ఏ విద్యా లేని పిల్లాడైతే వాడి మీద కథ రాయకూడదా అని అడగాలనిపిస్తుంది.

మా తమ్ముడికి ఏ విద్యా రాదు. అరవై దాటాడు. నా దగ్గరే ఉంటాడు, నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. సీరియల్ చూస్తాడో లేదో నాకు తెలియదు గానీ ప్రకటనలు రాగానే మాత్రం, "సల్లారిపోతాది, తాగీసి మొదలెట్టండి" అంటాడు. అది మా అమ్మ మాట. గొంతు కూడా అమ్మదే, చివర్న కాస్త సాగదీసి. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట వినపడగానే నేను లేచి వెళ్ళి టీ పెడతాను. ఏడుపు రాదు నాకు, నవ్వొస్తుంది. ఎందుకో చెబుతాను.

మాది శ్రీకాకుళం వైపు ఉద్దానంలో ఒక పల్లె. పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు ఇసకదారిన నడిస్తే వస్తుంది. నేను చెప్పేది అరవైల చివరి సంగతి. నాన్న ఊరి బడిలో మాస్టారు. ఇంటి ముందు కొబ్బరితోట, వెనక కాస్త జీడితోట ఉండేవి. నాకు పదకొండేళ్ళు ఉంటాయేమో, తమ్ముడికి ఏడు. ఆటిజం అన్న మాట అప్పట్లో మా వైపు ఎవరూ విని ఉండరు. "ఆడి లోకంలో ఆడున్నాడు, ఆడి జోలికెల్లకండి" అనేది నాయనమ్మ. మా ఇంట్లో ఆ సంగతి గురించి అంతకు మించి చర్చ జరిగేది కాదు.

వాడికి మాటలు రావనడానికి లేదు. మనం అన్న మాటే మనకి తిరిగి అప్పజెప్పేవాడు. "అన్నం తింతావేటి?" అంటే "అన్నం తింతావేటి?" అనేవాడు. అంటే ఆకలేస్తోందని అర్థం. ఆకలి లేకపోతే ఏమీ అనడు. ఇందులో జనానికి అర్థం కానిదేముందో నాకు తెలిసేది కాదు. పెరట్లో కూర్చుని పిడికిట్లోంచి ఇసక జారవిడుస్తూ పొద్దు గడిపేవాడు. జరీ అంచు కనిపిస్తే చాలు, వేళ్ళ మధ్య పెట్టి రుద్దుకుంటూ ఉండిపోయేవాడు. చప్పుడంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. పెట్రోమాక్సు లైటు బుస్సుమంటే చెవులు మూసుకుని కేకలు పెట్టేవాడు.

వాడికి మూడేళ్ళప్పుడు పలాసలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. తాళి కట్టే వేళకి బాజా ఒక్కసారిగా అందుకునేసరికి వాడు అమ్మ చేతుల్లోంచి జారి, అరుస్తూ పందిట్లోంచి పరిగెత్తాడు. అక్షింతల పళ్ళెం బోర్లాపడింది. పెద్దావిడ ఎవరో, "ఇలాటి పిల్లణ్ణి ఇంటికాడ ఒగ్గీసి రాకపోయారేటి" అంది. అమ్మ వాణ్ణి చంకనేసుకుని స్టేషన్‌కి నడిచింది, వెనక నేను. ఆ తర్వాత అమ్మ నలుగురు చేరే చోటికి వెళ్ళడం మానేసింది. నాయనమ్మ దగ్గర వాణ్ణి వదిలి వెళ్దామంటే, అమ్మ కనపడకపోతే వాడు ముద్ద ముట్టడు. తీసుకెళ్తే ఆ మాటలు వినాలి. అమ్మకి ఉన్న ఒకే ఒక పట్టుచీర, బరంపురం నేత, వంకాయ రంగుకి జరీ అంచు, పెట్టె అడుక్కి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయిందని నేననుకోవడమే గానీ, ఆ చీరకి ఏడాదికొకసారి గాలి తగిలేది. నాన్న కట్టుకునేవాడు.

మా ఊళ్ళో ఏటా జీడిపిక్కలు ఏరడం అయిపోయాక నాటకం వేసేవారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే వెయ్యాలి. నాన్న సన్నగా ఉంటాడు, గొంతూ సన్నమే, కాబట్టి రాణి ఎప్పుడూ నాన్నే. రాజు మా మావయ్య, అమ్మ తమ్ముడు. కొబ్బరి దింపించి పలాస పంపే మనిషి, చెట్టు మీదున్న వాడికి కిందనుంచి కేకలేసి కేకలేసి గొంతు గంటలా మోగేది. నాటకం నాన్నే రాశాడు. ఒక రాజు యుద్ధంలో ఓడిపోయి రాజ్యం పోగొట్టుకుంటాడు, రాణి ఏడుస్తుంది, రాజు పద్యం పాడతాడు, చివరికి అంతా తిరిగొస్తుంది. ఏటా అదే నాటకం. ఊరు ఏటా కొత్తగా చూసేది.

అమ్మ మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. నాన్న నాటకాలు మొదలెట్టిందే పలాస పెళ్ళి తర్వాత. రిహార్సళ్ళు మా వీధి అరుగు మీదే జరిగేవి, అమ్మ వంటింట్లోంచి అన్నీ వినేది. పద్యాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. పప్పు రుబ్బుతూ పాడుకునేది. "సీరేమో నాది, సూసిందేమో ఊరంతా" అని ఒకసారి నాన్నతో అంది. నవ్వుతూనే అంది, కానీ నాన్న ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు.

రిహార్సళ్ళంటే తమ్ముడికి పండగ. అరుగు చివర స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. టెక్కలి నుంచి వచ్చే హార్మోనియం ఆయన ముందుగా మెల్లగా ఒక రాగం వాయించేవాడు, అది పెద్ద చప్పుడు కాదు కాబట్టి వాడికి అభ్యంతరం లేదు. మావయ్య ఓడిపోయిన పద్యం అందుకునేవాడు. సగంలో దగ్గొచ్చేది. నాన్న "బావా, శ్రుతి పోయింది, మల్లీ అందుకో" అనేవాడు. మావయ్య మళ్ళీ అందుకుని పూర్తి చేసేవాడు. అప్పుడు అమ్మ బెల్లం టీ గ్లాసులు గుమ్మం దగ్గర పెట్టి, "సల్లారిపోతాది, తాగీసి మొదలెట్టండి" అనేది. అందరూ తాగేవారు. ఖాళీ అయిన ఇత్తడి గ్లాసులన్నీ తమ్ముడు వరసగా బోర్లించేవాడు. అప్పుడు గానీ రాణి ఏడుపుతో రెండో అంకం మొదలయ్యేది కాదు.

మర్నాడు పెరట్లో వాడు ఇదంతా తిరిగి ఆడేవాడు. పద్యం, మావయ్య దగ్గు, నాన్న మందలింపు, అమ్మ టీ, రాణి ఏడుపు. ఒక్క ముక్క వదలడు. వాడి లెక్కన అదంతా ఒకటే నాటకం. నేను, నాయనమ్మ చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

ఆ ఏడు మావయ్య అమ్మతో పేచీ పెట్టాడు. అక్కని మా వైపు అప్ప అంటారు. "అప్పా, నువ్వు రాకపోతే నాను కిరీటం ఎట్టను. నానంత గొంతు సించుకుంతంటే నువ్వు వంటింట్లో కూకుని ఇంతావేటి?"

"ఆ పెట్రోమాక్సులకాడ పిల్లడు ఉండగలడేటి? అయ్యి బుస్సుమంతే గోల ఎట్టేత్తాడు. మీ నాటకం పాడైపోతాది," అంది అమ్మ.

"పెట్రోమాక్సే కదా నీ బెంగ? అయితే పగలే ఏసేద్దుము."

నాన్న తల పట్టుకున్నాడు. మా వైపు పగలు నాటకం ఎవరూ కనీ వినీ ఎరగరు. ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? "మాస్టారూ, నాటకమేటి, పగటి వేసాలేటి?" అని దారిలో ఆపి అడిగారు. ఎండకి రంగు కారిపోతుందన్నారు, రాజుగారి అట్టకిరీటం గుట్టు బయటపడుతుందన్నారు. మావయ్య ఒకటే మాట. "కిరీటం ఎట్టుకునీది నాను. కందకి నేని దురద కత్తిపీటకెందుకు?"  ఎండ వాలుతుండగా, బడి ముందు కొబ్బరి నీడలో నాటకమని చాటింపు వేయించేశాడు.

అమ్మ ఆ రోజు పొద్దున్నుంచీ కుదురుగా లేదు. వస్తానంది, మళ్ళీ రానంది. వాడికి రెండు సార్లు తల దువ్వింది. చివరికి ఉతికిన నూలుచీర కట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. "ఎనకాల కూకుంతాను. గోల సేత్తే లేసొచ్చేత్తాను," అంది నాతో. నాకు తెలుసు, ఆవిడ అడుగుతున్నది నాటకం కాదు. పిల్లాడితో సహా నలుగురిలో కూర్చుని, మధ్యలో లేవకుండా, ఆఖరుదాకా ఉండడం. అదొక్కటే కావాలావిడకి. ఆ ఒక్కటీ దక్కాలని నేను దారంతా దేవుడికి మొక్కుకుంటూ నడిచాను.

తెర తీశారు. నాన్న వంకాయ రంగు పట్టుచీరలో, మీసం లేకుండా, తలకి సవరం వేలాడేసుకుని వచ్చాడు. ఎండలో జరీ మిలమిలా మెరుస్తోంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోలేక. తమ్ముడు నాన్న మొహం కేసి చూడలేదు. వాడి కళ్ళన్నీ ఆ అంచు మీదే. కదలకుండా కూర్చున్నాడు. 

మావయ్య యుద్ధంలో ఓడి, కత్తి ఈడ్చుకుంటూ వచ్చి పద్యం అందుకున్నాడు. ఈసారి దగ్గు రాలేదు. శ్రుతి పోలేదు. తమ్ముడు ఆ చోట కొంచెం అటూ ఇటూ కదిలాడు, పోనీలే అనుకున్నట్టు మళ్ళీ ఊరుకున్నాడు. పద్యం అయిపోయింది. జనం భేషన్నారు. రాణి వెంటనే ఏడుపు మొదలెట్టింది.

"సల్లారిపోతాది, తాగీసి మొదలెట్టండి," అన్నాడు తమ్ముడు.

ముందున్న వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. స్టేజి మీద రాణి ఏడుస్తూనే ఉంది. వాడు లేచి నిలబడి ఇంకాస్త గట్టిగా అన్నాడు. మూడోసారికి గొంతు వణికింది, చేతులు చెవుల మీదకి పోయాయి. టీ రాకుండా రెండో అంకం ఎలా మొదలవుతుంది? అది వాడికి లోకం తలకిందులైనట్టే. అమ్మ లేచింది. మొహం పలాస స్టేషన్‌కి నడిచిన నాటి మొహం అయిపోయింది. వాడి భుజం చుట్టూ చెయ్యి వేసి దారి చూసుకుంటోంది.

"ఆగప్పా," అని స్టేజి మీదనుంచి మావయ్య గొంతు.

హార్మోనియం ఆగింది. ఓడిపోయిన రాజుగారు కత్తి పక్కన పెట్టి, సింహాసనం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "రాణీ, ఇంక ఏడవకు. రాజ్జెం ఎలాగా పోయింది, టీ కూడా సల్లార్చుకుంతామేటి? ఎవలక్కడ? టీ అట్టుకు రండి."

జనం గొల్లుమన్నారు. ఈసారి అందులో ఎగతాళి లేదు. బడి ఎదురుగా ఉన్న బడ్డీలోంచి టీ గ్లాసులు స్టేజి ఎక్కాయి. రాజు తాగాడు, శత్రురాజు తాగాడు, చచ్చిపోయిన సేనాపతి లేచొచ్చి తాగాడు. రాణి చెంగుతో కన్నీళ్ళు తుడుచుకుని ఊదుకుంటూ తాగింది. తమ్ముడు జనం మధ్యలోంచి నడిచి స్టేజి దగ్గరకి వెళ్ళాడు. ఒక్కొక్క గ్లాసూ ఖాళీ అయ్యేదాకా ఆగి, అన్నీ అంచున వరసగా బోర్లించాడు. వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. హార్మోనియం మళ్ళీ మొదలైంది.

అమ్మ నవ్వుతోంది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, పళ్ళన్నీ కనపడేలా, పక్కింటావిడ భుజం మీద చరుస్తూ నవ్వుతోంది. అంతకుముందు నేను ఆవిణ్ణి అలా చూడలేదు. ఆ నవ్వు చూస్తుంటే నాకు ఎక్కడలేని సంతోషం వచ్చేసింది. నాటకం అయిపోయి, రాజ్యం తిరిగొచ్చి, మంగళం పాడేదాకా అమ్మ అక్కడే కూర్చుంది. ఆఖర్న లేచిన వాళ్ళలో మేమూ ఉన్నాం.

అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందని నాన్న నాలుగు రోజులు గొణిగాడు. ఆయన రాసిన విషాద ఘట్టం అది మరి. కానీ ఆ తర్వాత పలాస అవతల సుమ్మాదేవిలో నాటకం వెయ్యమని పిలిచినప్పుడు, అక్కడి వాళ్ళు ముందుగా అడిగింది, "ఆ టీ సీను ఉంతాది కదేటి?" అని. నాన్నకి ఒప్పుకోక తప్పలేదు. గ్లాసులు బోర్లించడానికి తమ్ముణ్ణి, వాడితో పాటు అమ్మనీ రైలెక్కించి తీసుకెళ్ళాడు.

ఆ సీరియల్లో తల్లికి మా మావయ్యలాంటి తమ్ముడొకడు ఉంటే బాగుండునని నాకు రోజూ అనిపిస్తుంది.

మరుసటి ఏడు నాటకం దగ్గర పడింది. నాన్న మీసం తీసేసుకుని, అలవాటుగా పెట్టె మూత ఎత్తి చీర కోసం చెయ్యి పెట్టాడు. అమ్మ వచ్చి మూత వేసేసింది.

"నా సీర నాకు కావాల. నాను కట్టుకెల్తాను," అంది. "మీరు ఇంకెవలికాడైనా అడుక్కోండి."

నాన్న ఇల్లిల్లూ తిరిగాడు. నాటకమంటే ఆడవాళ్ళందరూ వస్తున్నారు, ఎవరి పట్టుచీర వాళ్ళకే కావాలి. ఆ ఏడు మా ఊరి రాణిగారు మావయ్య భార్య ఇచ్చిన వెలిసిపోయిన నూలుచీరతో రాజ్యం పోగొట్టుకుంది. అమ్మ వంకాయ రంగు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది, జరీ అంచు తమ్ముడి వేళ్ళ మధ్య ఉంది.