మేనత్త ఆపరేషన్

మా టోంగా దీవుల వాళ్లలో మేనత్తదే పైచేయి. ఆక్లండ్‌కు వచ్చి స్థిరపడ్డా అది మారలేదు. లెసియెలి అత్త మాటను మా నాన్న కూడా కాదనడు.

షుగరు ముదిరి, మోకాళ్లు మొరాయించాక, బరువు తగ్గించే ఆపరేషన్ కోసం అత్త ఏళ్లతరబడి ఎదురుచూసింది. తీరా ఆస్పత్రివాళ్లు రమ్మన్న రోజునే మా పెదనాన్న కొడుకు అంత్యక్రియలు. శవం తల దగ్గర కూర్చోవలసింది మేనత్తే. మట్టి చేసేదాకా కదలకూడదు. రాలేనని ఆస్పత్రికి ఫోన్ చేయించింది. అయినా, ఆసక్తి లేదని జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు.

నాకు ఒళ్లు మండింది. అత్త మాత్రం నల్లబట్టల మీద, మా సంతాప ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని, ఆస్పత్రికి నాతో కారు తీయించింది.

"మీ టోంగావాళ్లు మధ్యలోనే మానేస్తుంటారమ్మా," అంది నర్సు మెత్తగా.

"మేం మానేస్తున్నామా, మీరు తీసేస్తున్నారా? షుగరు వార్డు నిండా మావాళ్లే. ఈ ఆపరేషన్‌కు వచ్చినవాళ్లలో ఒక్కరైనా ఉన్నారా, చూపించు! నీ మేనల్లుడు పోతే నువ్వు డ్యూటీకొస్తావా?"

నర్సు లేచి లోపలికి వెళ్లింది. లోపలి నుంచి డాక్టరు వచ్చి, కొత్త తేదీ ఇచ్చాడు. ఇస్తూనే నసిగాడు: "మరి ఆ రోజు కూడా ఎవరైనా పోతే?"

"పోరు. నేను చెబుతాగా," అంది అత్త.

కారెక్కగానే నాన్నకు ఫోన్ కలిపింది. "ఒరేయ్, వచ్చే నెల మనింట్లో ఎవ్వరూ చావడానికి వీల్లేదు. అందరికీ చెప్పు."

"సరే అక్కా," అన్నాడు నాన్న.