ఒక్క స్టారు ఓడ

మా అక్కకి ముప్పై ఒకటి. ఆ వయసు మనిషిని ముసలిదాన్ని చేయడానికి మా ఊళ్ళో ఎవరూ పెద్దగా కష్టపడరు, మొగుడు పోతే చాలు. అద్దంకి రోడ్డు మీద పత్తి ట్రాక్టరు వెనక బైకు గుద్దుకుని బావ చనిపోయాడు. అప్పట్నుంచీ అక్క నవ్వినా పాపం అన్నారు, నవ్వకపోయినా పాపం అన్నారు. నాలుగేళ్ళ కూతురితో అత్తగారింట్లోనే ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేది. మా అమ్మ ఇల్లు అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల.

నేను గుంటూరులో ఉద్యోగం చేస్తూ నల్లపాడులో ఉంటాను. నిరుడు మిరప కోతలప్పుడు అక్క నా గదికి వచ్చి, చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఓడ ఎక్కాలని ఉందని చెప్పింది. చెన్నైలో బయల్దేరి సముద్రంలో తిప్పి మళ్ళీ అక్కడే దింపే ఓడ. అందులో తన వయసు వాళ్ళుండాలి, తన సంగతి ఎవరికీ తెలియకూడదు.

"మూడ్రోజులు నన్నెవరూ పాపం అనకుండా ఉంటే చాలే," అంది.

నాకు ఏడుపొచ్చింది. పైకి మాత్రం, ఓడలో వాంతులు చేసుకుంటే వాళ్ళూ పాపమే అంటారని ఏడిపించాను. తను పడీపడీ నవ్వింది. అలా నవ్వగా చూసి చాలా కాలమైంది.

ఇద్దరం ఫోను మీద పడ్డాం. మొదట చూసిన కంపెనీ ఓడలో అందరూ రిటైరైనవాళ్ళే. పొద్దు వాలగానే భోజనాలు, ఆపైన పాత పాటలు. దీనికి ఓడెందుకు, మా మామగారి అరుగు చాలదా అంది అక్క. రెండోది పిల్లలున్నవాళ్ళది. బొమ్మల వేషాలు, జారుడుబల్లలు. కూతుర్ని వదిలి వెళ్ళి ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని చూస్తూ కూర్చోలేనంది. ఆ తర్వాత ప్రకటనలు చూడటం మానేసి, ఎక్కి దిగినవాళ్ళ తిట్లు చదవడం మొదలుపెట్టింది. ఒక పెద్దాయన ఒకే ఒక్క స్టారు ఇచ్చి కడుపు మండి రాశాడు: అంతా కుర్రకారే, తెల్లార్లూ డాన్సులు, ముక్కూమొహం తెలియనివాళ్ళని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెడతారు, మర్యాదస్తులు ఎక్కాల్సిన ఓడ కాదు అని.

"ఇదే," అంది అక్క.

వేసవి సెలవులకి ఇద్దరికీ టికెట్లు తీశాం. అత్తగారికి, చెల్లెలితో చెన్నై వెళ్ళి ఓడ ఎక్కి వస్తానని చెప్పింది. ఆవిడ సరే అంది. పిల్లని అమ్మ చూసుకుంటానంది. అంతా సాఫీగానే ఉంది.

మా ఇళ్ళలో ప్రార్థన చేయించకుండా ఎవరూ ఊరు దాటరు. ఒంగోలు ఆసుపత్రికైనా సరే, గుంటూరులో పరీక్షకైనా సరే, ఆదివారం ఆరాధనలో పాస్టరుగారి నోట ఆ ప్రయాణం పలికించాల్సిందే. అమ్మ కూడా అదే చేసింది. నీళ్ళ మీద పోయే బిడ్డ కదా అని భయపడి, ఓడ పేరు నన్నడిగి మరీ కనుక్కుని ఆయనకి చెప్పింది. ఆయన ఆ పేరు మైకులో చదివి, గాలి కోసం, కెప్టెన్ కోసం, అక్క క్షేమం కోసం మనసారా ప్రార్థించారు.

ఆరాధన అయ్యేలోపే మగవాళ్ళ వైపు ఎవరో కుర్రాడు ఆ పేరు ఫోన్లో కొట్టాడు. మధ్యాహ్నానికి ఈతకొలనూ, డాన్సులూ ఉన్న వీడియో ఊరంతా తిరిగింది. మేం ఎలాంటివాళ్ళున్న ఓడ కోసం అంత వెతికామో, వాళ్ళందరూ ఆ వీడియోలో ఉన్నారు.

ఆ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి, అక్కతో పాటు నేనూ అత్తగారింటికి వెళ్ళాను. అత్తగారు అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. మంచం మీద పిల్ల బట్టలు మడతపెట్టి, సంచిలో సర్దుతోంది.

"నువ్వెళ్ళిరామ్మా, నేనేం వద్దనను," అంది. "పిల్ల మాత్రం కనిగిరిలో మా పెద్దాడింట్లో పెరుగుద్ది. నువ్వు తిరిగొచ్చినా సరే, అక్కడే ఉంటది."

అక్క సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టింది. కోర్టుంది, చట్టముంది, పిల్లని ఎవరూ లాక్కోలేరని వీధిలోకి వచ్చాక నేను అక్కతో గింజుకున్నాను. చట్టం రోజూ వచ్చి నాకూ నా కూతురికీ అన్నం పెడుతుందా అనడిగింది. అమ్మ ఇంట్లో కూలబడి, నేను ప్రార్థనే కదా చేయించానని ఏడుస్తోంది. అమ్మ మీద నాకొచ్చినంత కోపం ఆ రోజు ఎవరిమీదా రాలేదు. పోనీ ఆవిడ చెడు తలపెట్టిందా అంటే, అదీ లేదు.

పై ఆదివారం నేను కూడా ఆరాధనకి వెళ్ళాను. ఆ బిడ్డ మనసు మార్చి, సముద్రపు అపాయం నుంచి తప్పించినందుకు దేవుడికి కృతజ్ఞతలని పాస్టరుగారు అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అక్క వైపు చూశాను. పక్కన అక్క, ఒళ్ళో నిద్రపోతున్న కూతుర్ని సర్దుకుంటూ, ముందు వరసలో ఉన్న అత్తగారికి వినపడేంత గట్టిగా ఆమెన్ అంది.